‘కింగ్‌డమ్’ అభిమానుల తగువులు: బొమ్మ గుర్రాల నుంచి శవాల తోరణం దాకా

క్లుప్తంగా: ప్రాచీన చైనా యుద్ధాల మీద జపాన్‌లో తయారైన యానిమే (బొమ్మల సీరియల్) ‘కింగ్‌డమ్’ 2012లో మొదలై ఆరు సీజన్లు పూర్తి చేసుకుంది. సీజన్ వచ్చిన ప్రతిసారీ అభిమానులు రెండు జట్లుగా చీలుతున్నారు. మొదట గ్రాఫిక్స్ మీద, తర్వాత చరిత్ర మీద, ఆ తర్వాత కన్ కి అనే సేనాని ఘోరాల మీద, ఇప్పుడు నత్తనడక మీద. దీని మూలం చరిత్ర గ్రంథంలో ఒకటి రెండు వాక్యాలే. మాంగా (జపాన్ బొమ్మల కథల పుస్తకం) దాన్ని వేల పేజీలు చేసింది. యానిమే ఆ పేజీలను లెక్కపెట్టి గీసే బొమ్మల్లోకి కుదించాలి. ఈ మూడూ అతకని చోటే దాదాపు ప్రతి తగువూ పుడుతోంది.

## కథ ఎక్కడిది

క్రీ.పూ. 3వ శతాబ్దంలో చైనా ఏడు పెద్ద రాజ్యాలుగా ఉండేది: చిన్, జావ్, వెయ్, హాన్, చూ, యాన్, చీ. పడమటి కొసన ఉన్న చిన్ రాజ్యానికి యింగ్ జెంగ్ బాలుడిగా రాజయ్యాడు. క్రీ.పూ. 230 నుంచి 221 లోపు మిగిలిన ఆరింటినీ ఒకదాని తర్వాత ఒకటి మింగి, తనను తాను తొలి చక్రవర్తిగా ప్రకటించుకున్నాడు. ‘కింగ్‌డమ్’ ఆ రాజు కుర్రతనం నుంచి మొదలవుతుంది. పక్కన షిన్ అనే అనాథ బానిస కుర్రాడు ఉంటాడు. మహా సేనాని కావాలన్నది వాడి పంతం.

యసుహిసా హరా ఈ మాంగాను 2006 జనవరి నుంచి ‘వీక్లీ యంగ్ జంప్’ పత్రికలో గీస్తున్నాడు. 2013లో తెజుకా ఒసాము సాంస్కృతిక పురస్కారం వచ్చింది. అచ్చయిన ప్రతులు 10 కోట్లు దాటాయి. యానిమే ప్రయాణం మాత్రం అంత సాఫీగా లేదు. 2012 జూన్‌లో 38 ఎపిసోడ్ల మొదటి సీజన్, 2013 జూన్‌లో 39 ఎపిసోడ్ల రెండోది వరసగా వచ్చాయి. తర్వాత ఆరేళ్లు ఊసే లేదు. 2020 ఏప్రిల్‌లో మూడోది మొదలై, నాలుగు ఎపిసోడ్లకే కరోనా వల్ల ఆగిపోయింది. 2021 ఏప్రిల్‌లో మళ్లీ మొదటి ఎపిసోడ్ నుంచి వేశారు. నాలుగోది 2022లో, ఐదోది 2024 జనవరిలో, ఆరోది 2025 అక్టోబరులో వచ్చాయి.

## పేర్ల దగ్గరే సగం మంది జారిపోతారు

కొత్తగా చూసేవాళ్ల మొదటి ఫిర్యాదు యుద్ధం గురించి ఉండదు, ఎవరు ఎవరో తెలియడం లేదని. కారణం లిపిలో ఉంది. చైనా పేర్లను జపాన్‌వాళ్లు అవే అక్షరాలతో రాస్తారు, తమ ఉచ్చారణలో చదువుతారు. దాంతో జావ్ సేనాని లీ మూ కాస్తా రి బొకు అవుతాడు. వాంగ్ జియన్ ఓ సెన్, హ్వాన్ యి కన్ కి, మెంగ్ తియన్ మో టెన్, లూ బువెయ్ ర్యో ఫుయ్. చరిత్ర పుస్తకంలో లీ మూ గురించి చదివినవాడు తెర మీద ‘రి బొకు’ను చూసి పోల్చుకోలేడు. యానిమే చూసి వెళ్లి చరిత్ర వెతికేవాడికి ‘రి బొకు’ దొరకడు.

ఇంతటితో అయిపోలేదు. జపాన్ ఉచ్చారణలో చిన్ రాజ్యం పేరు ‘షిన్’. హీరో పేరూ షినే. రాసేటప్పుడు అక్షరాలు వేరు, వినేటప్పుడు ఒకటే. రాజును మిత్రులు ‘సెయ్’ అని పిలుస్తారు. తూర్పు తీరంలోని చీ రాజ్యాన్ని కూడా ‘సెయ్’ అనే అంటారు. రాజు వంశం పేరు ‘ఎయ్’, వెయ్ అనే ఒక చిన్న రాజ్యం పేరు కూడా ‘ఎయ్’. అదే వెయ్ పేరుతో మరో పెద్ద రాజ్యం ఉంది, దాన్ని మాత్రం ‘గి’ అంటారు. హాన్ రాజ్యం ‘కన్’ అవుతుంది. కన్ కికి దానితో ఏ సంబంధమూ లేదు. జపనీస్ మాటలు వింటూ కింద ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదివే మనవాళ్లకు చెవి ఒకటి, కన్ను ఒకటి చెబుతుంటాయి.

ఒక విషయంలో తెలుగువాళ్లకు పని తేలిక. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. మో గో తాత, మో బు కొడుకు, మో టెన్ మనవడు. ‘మో’ ఇంటిపేరని పట్టుకుంటే మూడు తరాలూ ఒక్కసారే గుర్తుంటాయి. ఓ సెన్ కొడుకు ఓ హోన్ కూడా అంతే. ఓ కి అనే సేనానికి కూడా ‘ఓ’ ఇంటిపేరే కాబట్టి వాళ్ల చుట్టరికం ఏమిటన్న ప్రశ్న చూసేవాళ్లకు సహజంగానే వస్తుంది.

## మొదటి సీజన్ గ్రాఫిక్స్: తప్పు ఎక్కడ జరిగింది

‘కింగ్‌డమ్’ గురించి ఎవరు ఎవరికి చెప్పినా ఆ మాట వెంట ఒక హెచ్చరిక వస్తుంది: మొదట్లో గ్రాఫిక్స్ భరించు, తర్వాత కుదురుకుంటుంది. ఈ హెచ్చరికకు కారణమైన మొదటి సీజన్‌ను స్టూడియో పియెరో తీసింది. అందులో గుర్రాలనూ సైన్యాలనూ మాత్రమే కాక, మాట్లాడే ముఖ్య పాత్రలను కూడా చాలా సన్నివేశాల్లో త్రీడీ కంప్యూటర్ బొమ్మలతో నడిపించారు.

అలా ఎందుకు చేశారన్నది అర్థం చేసుకోలేని సంగతేమీ కాదు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. టీవీ యానిమేలో ఒక్కో బొమ్మను రెండు లేదా మూడు ఫ్రేముల పాటు ఉంచుతారు, అంటే సెకనుకు 12 లేదా 8 బొమ్మలు. ఒక ఎపిసోడ్‌కు మామూలుగా చెప్పే లెక్క మూడు నుంచి ఐదు వేల బొమ్మలు. అందులోనే ఏభై మంది రౌతులు దౌడు తీసే దృశ్యం గీయాలంటే ఒక్కో బొమ్మలో రెండు వందల గుర్రపు కాళ్లు, ఏభై ఈటెలు, ఏభై కవచాలు. యానిమేటర్లు చేతికి కష్టమని తప్పించుకునే వాటిలో పరుగెత్తే గుర్రం ముందు వరసలో ఉంటుంది. ఇలాంటి దృశ్యాలు వారం వారం తీయాలి, అదీ 38 వారాలు. కంప్యూటర్‌లో ఒక గుర్రాన్ని ఒకసారి తయారు చేసుకుంటే వెయ్యి గుర్రాలు చేయవచ్చు.

గొడవంతా ఆ పద్ధతిని ముఖాలకు పెట్టడంలో వచ్చింది. చేత్తో గీసేవాడు ప్రతి కోణానికీ చిన్న మోసం చేస్తాడు. పక్క నుంచి చూపించేటప్పుడు నోరు కొంచెం ముందుకు జరుపుతాడు, కోపం వస్తే కనుబొమ్మను నుదుటి మీదికి ఎక్కించేస్తాడు. ఆ మోసమే మనకు భావంగా కనిపిస్తుంది. కంప్యూటర్ బొమ్మ ఏ కోణంలోనూ తన కొలతలు తప్పదు. అందుకే అది ముసుగు వేసుకున్న మనిషిలా ఉంటుంది. కదలిక సంగతి మరొకటి. 24 ఫ్రేముల్లోనూ కదిలిస్తే పక్కనున్న చేతి బొమ్మల ముందు నీళ్లలో తేలుతున్నట్టు జారిపోతుంది. వాటికి సరిపోవాలని ఫ్రేములు తగ్గిస్తే కీలుబొమ్మలా కొట్టుకుంటుంది. కాలు నేల మీద ఆనినప్పుడు శరీరం బరువు కిందికి దిగడం చూపించకపోతే గుర్రం పరుగెత్తదు, జారుతుంది. అభిమానులు ఎగతాళిగా పంచుకునే క్లిప్పుల్లో ఎక్కువ ఈ జారుడు గుర్రాలవే.

రెండో సీజన్‌లో ముఖాలు మళ్లీ చేతికి వచ్చాయి. దర్శకుడు కూడా మారాడు. మూడో సీజన్ నుంచి కెనిచి ఇమాయిజుమి దర్శకత్వంలో కంప్యూటర్ బొమ్మలను దూరంగా కనిపించే సైన్యానికే పరిమితం చేశారు. దగ్గరి దృశ్యాలన్నీ చేతి గీతలే. ఆ తర్వాత కూడా ఫిర్యాదులు ఆగలేదు, రూపం మారింది. కదలని బొమ్మ మీద కెమెరాను జరుపుతున్నారని, కత్తి దెబ్బ పడే చోట తెల్లటి మెరుపు వేసి సరిపెడుతున్నారని, మాంగాలో ఉన్న నెత్తురు కడిగేశారని. ఇవి నిజమే. కాకపోతే మొదటి సీజన్‌ను చూసి మొత్తం సిరీస్‌ను తీసిపారేసినవాళ్లు, ఇప్పుడు లేని వస్తువును తిడుతున్నారన్నది కూడా నిజమే.

## రెండు వాక్యాలు, ఒక సీజన్

‘చరిత్ర ప్రకారం అలా జరగలేదు’ అన్నది రెండో పెద్ద తగువు. దీన్ని తేల్చాలంటే హరా చేతిలో ఉన్న ముడిసరుకు ఎంతో చూడాలి.

ప్రధాన ఆధారం సీమా చియన్ రాసిన ‘షీ జీ’. ఈ యుద్ధాలు అయిన నూరేళ్ల పైచిలుకు తర్వాత రాసిన చరిత్ర అది. క్రీ.పూ. 245 గురించి అందులో ఉన్నది సుమారుగా ఇంతే: బియావ్ గోంగ్ సేనానిగా వెళ్లి జ్వాన్ పట్టణం మీద పడి 30,000 తలలు నరికాడు. ఆయన ఎవరో, ఎలా ఉండేవాడో, ఎలా గెలిచాడో ఒక్క ముక్క లేదు. యానిమేలో ఇదే షిన్ తొలి యుద్ధం. హ్యో కో అనే పేరుతో కనిపించే ఆ సేనాని యుద్ధాన్ని నిప్పులా చూసే మొరటు వీరుడు. ఆ స్వభావమంతా హరా కల్పనే, కానీ చరిత్రకు ఎక్కడా అడ్డుపడదు. అడ్డుపడటానికి అక్కడ ఏమీ లేదు.

ఇంకా తెలివైన పని మూడో సీజన్‌లో కనిపిస్తుంది. క్రీ.పూ. 241లో తూర్పు రాజ్యాలు జట్టుకట్టి చిన్ మీదికి వచ్చాయి. ‘షీ జీ’లో ఒక చోట హాన్, వెయ్, జావ్, చిన్న వెయ్, చూ కలిసి దాడి చేశాయని ఉంది. మరో చోట కూటమి సేన హాంగూ కనుమ దాకా వచ్చి, చిన్ సైన్యం బయటికి రాగానే ఓడి పారిపోయిందని ఉంది. అదే గ్రంథంలోని జావ్ రాజ్య చరిత్రలో మాత్రం జావ్ సేనాని పాంగ్ న్వాన్, జావ్, చూ, వెయ్, యాన్‌ల మెరికల్లాంటి సైనికులను తీసుకుని చిన్‌లోని జువెయ్ మీద దాడి చేశాడని, అది పడలేదని ఉంది.

ఇక్కడ మెలిక ఏమిటంటే, జువెయ్ ఉన్నది కనుమకు లోపల, రాజధాని వైపు. కనుమ దగ్గరే ఓడి పారిపోయిన కూటమి జువెయ్ దాకా ఎలా వెళ్లింది? కూటమిలో ఉన్నది చిన్న వెయ్యా, యానా? రెండు వాక్యాలు ఒకదానితో ఒకటి పొసగవు.

హరా ఈ చిక్కుముడినే కథ చేశాడు. అందరి కళ్లూ హాంగూ కనుమ మీద ఉండగా, రి బొకు రోజూ కొంచెం కొంచెంగా సైనికులను తప్పించి, దక్షిణాన ఉన్న మరో కనుమ దారిలో లోపలికి పంపిస్తాడు. వాళ్లు రాజధానికి అడ్డంగా ఉన్న చివరి చిన్న పట్టణం, అంటే జువెయ్ ముందు తేలతారు. అక్కడ సైన్యం లేదు. రాజే స్వయంగా వెళ్లి ముసలివాళ్లనూ ఆడవాళ్లనూ పిల్లలనూ గోడ ఎక్కిస్తాడు. లీ మూ ఈ దండయాత్రలో ఉన్నట్టు చరిత్రలో లేదు, రాజు గోడ మీద నిలబడ్డాడనీ లేదు. పాంగ్ న్వాన్ జువెయ్ దాకా వచ్చాడు, పట్టణం పడలేదు అన్న రెండు గట్టి మేకులకు కథను వేలాడదీశాడు. దాన్ని ‘తప్పు చరిత్ర’ అనేవాళ్లు ఆ మేకులను చూడలేదు. ‘అచ్చంగా ఇలాగే జరిగింది’ అనేవాళ్లు మేకులకూ మేకులకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడలేదు.

ఇదే పద్ధతిలో పుట్టిన మరో రెండు పాత్రల మీద కూడా వాదన ఉంది. యాంగ్ ద్వాన్ హ, చియాంగ్ లెయ్ చరిత్రలో ఉన్న చిన్ సేనానులు. వాళ్లు మగవాళ్లని ‘షీ జీ’ ప్రత్యేకంగా చెప్పదు, ఆ కాలానికి అది చెప్పాల్సిన మాటే కాదు. హరా మొదటివారిని కొండజాతుల రాణి యో తన్ వ చేశాడు, రెండోవారిని హంతక వంశపు యువతి క్యో కయ్ చేశాడు. చరిత్ర ఒప్పుకోదు, కథకు మాత్రం బాగా కలిసొచ్చింది.

## రెండు వేల ఏళ్ల నాటి స్పాయిలర్

ఇక్కడి నుంచి కొన్ని ముగింపులు బయటపడతాయి. యానిమే మాత్రమే చూస్తూ ఏమీ తెలుసుకోకూడదనుకునేవారు ఈ విభాగం దాటేయవచ్చు.

అభిమానుల్లో మూడు తరగతులు ఉన్నాయి. యానిమే చూసేవాళ్లు, మాంగా చదివేవాళ్లు, చరిత్ర తెలిసినవాళ్లు. ఓ కి చనిపోయిన ఎపిసోడ్ మొదటి సీజన్ చివర్లో వస్తుంది. మొదటి తరగతి దాన్ని పిడుగులా తిన్నది. రెండో తరగతికి పదహారో సంపుటి నుంచే తెలుసు. మూడో తరగతి, ఓ కికి మూలమైన వాంగ్ యి క్రీ.పూ. 244లో చనిపోయాడన్న లెక్క పెట్టుకుని, కథలో ఏడాది మారుతున్నప్పుడల్లా ఎదురుచూసింది. ‘షీ జీ’లో ఆయన చావుకు ఒక్క మాటే ఉంది, ఎలాగన్నది లేదు. ఆ ఒక్క మాటను బాయో మైదానంలోని యుద్ధంగా మలిచారు.

హీరో సంగతి ఇంకా చిత్రం. షిన్‌కు మూలమైన లీ షిన్ చరిత్రలో బాగా గుర్తుండిపోయింది ఒక ఓటమితో. చూ రాజ్యాన్ని పట్టడానికి ఎంతమంది కావాలని రాజు అడిగితే, 2 లక్షలు చాలని లీ షిన్ అన్నాడు, 6 లక్షలు తప్పవని వాంగ్ జియన్ అన్నాడు. రాజు కుర్రవాడి మాట విన్నాడు. లీ షిన్ చిత్తుగా ఓడాడు. తర్వాత 6 లక్షలతో వెళ్లి గెలిచింది వాంగ్ జియనే. అంటే ఈ కథ హీరో ఘోరంగా ఓడే చోటికి నడుస్తోంది. ఆ ఓటమి తర్వాత కూడా రాజు అతన్ని వదిలేయలేదు, క్రీ.పూ. 221లో చీ రాజ్యాన్ని లొంగదీసిన దండులో అతని పేరు ఉంది. ఓడిన సేనాని తల తీసే కాలంలో ఇది అరుదు. షిన్‌కూ రాజుకూ మధ్య స్నేహాన్ని హరా కథకు వెన్నెముక చేయడానికి బీజం ఇక్కడే ఉందనిపిస్తుంది.

## తలల లెక్క, కన్ కి తోరణం

అన్నిటికంటే వేడిగా సాగే తగువు కన్ కి గురించి. ఐదో సీజన్‌లోని నల్ల గొర్రెల కొండ యుద్ధం పూర్తిగా కల్పితం. దొంగల నాయకుడిగా ఉండి సేనాని అయిన కన్ కి, కొండ కోసం నేరుగా తలపడడు. చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని చంపించి, ఆ శవాలతో తోరణం కట్టించి శత్రు సేనానికి చూపిస్తాడు. ఎదుటి సేనాని కి సుయ్‌కు యుద్ధం గెలవడం కంటే ఊరి జనం ప్రాణం ముఖ్యం. అతను కొండ వదిలి తన ఊరిని కాపాడుకోవడానికి వెళ్లిపోతాడు. చిన్ గెలుస్తుంది. హీరో పక్షం గెలిచినందుకు సంతోషించాలో లేదో తెలియని స్థితిలో ప్రేక్షకుడు మిగులుతాడు.

కొందరు ఇది యుద్ధాన్ని నిజంగా చూపించడం అంటారు. కొందరు షిన్ కన్ కిని అక్కడే నరకాల్సిందని, నరకనందుకు హీరో నీతి మాటలు బోలు అయ్యాయని అంటారు. ఈ వాదనలో రెండు వైపులా మరిచిపోయేది, అభిమానులకు బాగా నచ్చే మరో అంశం కూడా ఇదే చెట్టుకు కాసిన కాయ అని.

నచ్చే అంశం షిన్ ఎదుగుదల. ఐదుగురి దళంలో కాల్బలం సైనికుడు, నూరు మంది నాయకుడు, మూడు వందలు, వెయ్యి, మూడు వేలు, ఐదు వేలు. ఆటలో లెవెల్ దాటినట్టు ఉంటుంది. ఈ మెట్లకు చరిత్రలో పునాది ఉంది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో షాంగ్ యాంగ్ అనే మంత్రి చిన్ రాజ్యంలో తెచ్చిన సంస్కరణల ఫలితంగా పుట్టుక కంటే యుద్ధంలో చేసిన పనికి విలువ పెరిగింది. ఐదుగురు సైనికులను ఒక దళంగా కట్టి ఒకరి తప్పుకు మిగతావారినీ బాధ్యులను చేశారు. మొత్తం 20 హోదాలు. కవచం తొడిగిన ఒక శత్రువు తల తెస్తే ఒక హోదా, దానితో పాటు కొంత పొలం, ఇంటి స్థలం, ఒక సేవకుడు. వంశం లేనివాడు పైకి రావడానికి ఆ కాలంలో ఇంతకంటే తెరిచిన తలుపు లేదు. ఆ తలుపు తాళం మాత్రం తెగిన తల.

‘షీ జీ’లో చిన్ విజయాలన్నీ తలల లెక్కతో ఎందుకుంటాయో దీనితో తెలుస్తుంది. అవి జీతాల పుస్తకం లాంటివి. తలకు ప్రతిఫలం ఉన్నప్పుడు అది ఆయుధం పట్టినవాడిదా, లొంగినవాడిదా, పొలం దున్నేవాడిదా అన్న తేడా చెరగడం తేలిక. షిన్‌ను పైకెత్తే నిచ్చెన, కన్ కికి పని కల్పించే నిచ్చెన వేరు వేరు కావు. హరా ఈ సంగతిని నేరుగా చెప్పడు. ఐదో సీజన్‌లో షిన్ దళంలోని మనిషే దోపిడీకి చేయి చాచే దృశ్యం ఆ మాట చెబుతుంది. చాలామంది అభిమానులు తోరణం దగ్గరే ఆగిపోయి ఈ చిన్న దృశ్యాన్ని దాటేశారు.

దీనికి ఎదురుగా నాలుగో సీజన్‌లో రాజుకూ ర్యో ఫుయ్‌కూ జరిగే వాదం నిలుస్తుంది. వర్తకుడిగా ఎదిగిన ర్యో ఫుయ్, డబ్బుతో రాజ్యాల మధ్య సంబంధాలు పెంచితే యుద్ధం తగ్గుతుందంటాడు. మనిషి మూలం వెలుగే అని, యుద్ధం లేని లోకం కోసం ఏడు రాజ్యాలనూ కలిపి తీరాలని రాజు అంటాడు. కొందరికి ఇది సిరీస్‌లోనే గొప్ప ఎపిసోడ్. చరిత్ర తెలిసినవాళ్లకు గొంతులో ముల్లు, ఎందుకంటే ఈ రాజే క్రీ.పూ. 213లో పుస్తకాలు తగలబెట్టించాడు, అతను చనిపోయిన కొన్నేళ్లకే ఆ సామ్రాజ్యం తిరుగుబాట్లలో కూలింది. యుద్ధం ఆపడానికి యుద్ధం అన్న మాటను కథ ఎంతవరకు నమ్ముతోందన్నది ఇంకా తేలలేదు.

## లక్షల సైన్యాలు నమ్మదగినవేనా

‘అంతమంది సైనికులు ఆ కాలంలో ఎక్కడి నుంచి వచ్చారు’ అన్న ప్రశ్న ప్రతి సీజన్‌కూ వస్తుంది. దీనికి గీటురాయి క్రీ.పూ. 260 నాటి చాంగ్‌పింగ్ యుద్ధం. కథ మొదలవడానికి ముందే జరిగినా, కథంతా దాని నీడలోనే ఉంటుంది. చిన్ సేనాని బాయ్ చీ లొంగిపోయిన 4 లక్షల జావ్ సైనికులను చంపించాడని ‘షీ జీ’ చెబుతుంది. కథలో రాజు చిన్నతనంలో జావ్‌లో దెబ్బలు తినడానికి, మన్ గొకు అనే జావ్ సేనాని కసికి కారణం ఇదే. చాంగ్‌పింగ్ ప్రాంతంలో, నేటి షాన్షీ రాష్ట్రం గావ్‌పింగ్ దగ్గర, 1995లో తవ్విన ఒక గోతిలో 130 దాకా అస్థిపంజరాలు దొరికాయి. హత్యాకాండ నిజం. 4 లక్షలన్న అంకెను మాత్రం చాలామంది చరిత్రకారులు అలాగే తీసుకోరు.

కాలం చూస్తే ఇది మన కళింగ యుద్ధానికి సరిగ్గా పక్కన పడుతుంది. అశోకుడి కళింగ యుద్ధం క్రీ.పూ. 261 ప్రాంతంలో జరిగిందని లెక్క. లక్ష మంది చనిపోయారని, లక్షన్నర మందిని తరలించారని అతనే 13వ శిలాశాసనంలో చెక్కించాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉన్న అశోకుడి శాసనాలు ఆ వరసలోవే. తేడా గమనించాలి. ఇక్కడ గెలిచినవాడే పశ్చాత్తాపంతో చెప్పిన అంకె, అక్కడ తర్వాతి వంశపు చరిత్రకారుడు రాసిన అంకె. ఎందుకు చెబుతున్నారన్నదాన్ని బట్టి రెండూ పెరగడానికి వీలుంది.

ఆయుధాల సంగతికొస్తే క్లుప్తంగా చెప్పవచ్చు. రౌతు కాళ్లు పెట్టుకునే రికాబులు ఆ కాలంలో లేవు, 1974లో బయటపడిన మట్టి సైన్యంలోని గుర్రాలకు జీను ఉంది, రికాబు లేదు. చైనాలో జత రికాబులు కచ్చితంగా కనిపించేది క్రీ.శ. 4వ శతాబ్దంలో. కాబట్టి గుర్రం మీద నుంచి బరువైన పిడి కత్తిని ఊపి పదిమందిని ఒక్క దెబ్బకు ఎగరగొట్టడం బొమ్మల్లోనే కుదురుతుంది. నిజంగా ఆ కాలాన్ని ఏలిన ఆయుధం కంచు మీటతో పనిచేసే అడ్డవిల్లు. తెర మీద దానికి దక్కాల్సినంత చోటు దక్కలేదు.

## ఆరో సీజన్ నెమ్మది, తిండి లెక్క

తాజా ఫిర్యాదు ఆరో సీజన్ సాగుతోందని. క్రీ.పూ. 236లో వాంగ్ జియన్, హ్వాన్ యి, యాంగ్ ద్వాన్ హ కలిసి జావ్‌లోని యె నగరం మీదికి వెళ్లారని, చుట్టుపక్కల తొమ్మిది పట్టణాలు పట్టారని ‘షీ జీ’లో ఉంది. మాంగాలో ఇది పది సంపుటాలు దాటిన కథ. అందులో కత్తి కంటే గాదె ముఖ్యం, దాన్ని పట్టుకోనివాళ్లకు విసుగు తప్పదు.

ఓ సెన్, అంటే వాంగ్ జియన్, చిన్న పట్టణాలను పట్టి, జనాన్ని చంపకుండా తరిమేస్తాడు. వాళ్లు ఊరూరూ దాటి చివరికి యె నగరంలో చేరతారు. నగర పాలకుడు తలుపు తీయక తప్పదు. నోళ్లు పెరుగుతాయి, గాదె అదే ఉంటుంది. మరోవైపు రి బొకు చిన్ సైన్యానికి వెనక నుంచి ధాన్యం వచ్చే దారి మూసేస్తాడు. ఇక ఎవరి తిండి ముందు అయిపోతుందన్నదే యుద్ధం.

ఇది ఎంత గట్టి చిక్కో అంకెల్లో చూడవచ్చు. 1975లో హుబే రాష్ట్రంలో దొరికిన చిన్ కాలపు వెదురు బద్దల్లో ప్రభుత్వ పనివాళ్లకు ఇచ్చే తిండి లెక్కలున్నాయి. పనిచేసే మగవాడికి నెలకు రెండు ‘షి’ పొట్టు తీయని ధాన్యం, అంటే సుమారు 40 లీటర్లు. సైనికుడికీ అంతే అనుకుని, సైన్యం 2 లక్షలు అనుకుంటే రోజుకు దాదాపు 2.7 లక్షల లీటర్లు, సుమారు 170 టన్నులు. చిన్ తర్వాత వచ్చిన హాన్ వంశకాలపు లెక్కల పుస్తకంలో బండికి 25 హు, అంటే దాదాపు 500 లీటర్లు వేస్తారు. ఆ లెక్కన రోజూ ఐదు వందల పైచిలుకు బండ్లు శిబిరానికి చేరాలి. ఎద్దులు, తోలేవాళ్లు, గుర్రాల మేత ఇందులో లేవు. దారి పది రోజులు మూసుకుంటే ఐదు వేల బండ్ల ధాన్యం తగ్గుతుంది.

ఇదే దండయాత్ర గురించి ‘షీ జీ’లో ఒక వింత వాక్యం ఉంది. వాంగ్ జియన్ 18 రోజులు సైన్యాన్ని నడిపి, చిన్న ఉద్యోగులను ఇంటికి పంపి, పదిమందిలో ఇద్దరినే ఏరుకున్నాడు. మెరికల కోసం ఏరాడని మామూలుగా చెబుతారు. తిండి లెక్కతో పోల్చి చూస్తే, పదిలో ఎనిమిది నోళ్లు తగ్గించడం కూడా అంతే గట్టి కారణంలా కనిపిస్తుంది.

ఒక సీజన్‌లో ఈ దండయాత్ర పూర్తి కాదు, కాలేదు కూడా. ఏడో సీజన్ ప్రకటించారు. వారానికొకటి చొప్పున చూసినవాళ్లకు సైన్యం నడక, శరణార్థుల నడక, గాదెల లెక్క విడివిడి ముక్కలుగా కనిపించి సాగదీతలా తోచింది. ఒకేసారి కూర్చుని చూసినవాళ్లకు ఆ మూడూ ఒకే కాటాలో తూగుతున్నట్టు తెలుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి సీజన్ గ్రాఫిక్స్ భరించలేకపోతే ఓ కి చావు దాకా, అంటే పదహారో సంపుటి దాకా మాంగా చదివి, రెండో సీజన్ నుంచి తెర మీదికి రావచ్చు. మూడో సీజన్‌ను మాత్రం పక్కన ఒక పటం పెట్టుకుని చూడాలి, హాంగూ కనుమ ఎక్కడుందో, జువెయ్ దానికి ఎంత లోపలుందో తెలిస్తేనే రి బొకు దారి ఎంత ప్రమాదమో అర్థమవుతుంది.